క్లచ్ పెడల్ వెనక చెక్కముక్క

తొమ్మిదో భాగం

పోయిన వారం మీరు పత్రిక మూసేసరికి మా షెడ్డులో ఇంజన్ స్టార్టయింది. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం వెనక కథ రెండు గుక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు ఈలోగా కళ్ళద్దాలు తుడుచుకోండి.

మా పిన్నికి ఒక పాత స్పోర్ట్స్ కారుంది. రెండే సీట్లు. నాకంటే పదేళ్ళు పెద్దది, నాకంటే బుద్ధిగా పెరిగింది. దాని సొంత ఇంజన్ కిందటేడు పిస్టన్ రాడ్‌ని పక్కగోడలోంచి బయటికి చాపి ప్రాణం వదిలింది. ఆ సమయంలో స్టీరింగ్ పట్టుకున్నది నేనేనన్న సంగతి మూడో భాగంలో చదివే ఉంటారు, మళ్ళీ తవ్వుకోవద్దు. ఆ ఖాళీలో బాబాయ్, నేను కలిసి నాలుగు నెలలు తంటాలు పడి టర్బో ఉన్న రోటరీ ఇంజన్ కూర్చోబెట్టాం. రోటరీ అంటే పిస్టన్లు ఉండవు. నడుం దగ్గర కాస్త నొక్కిన గుడ్డులాంటి గదిలో మూడు మూలల ఇనప దిమ్మె గిరగిరా తిరుగుతుంది, అంతే. మా దాంట్లో అలాంటివి రెండు. బళ్ళో త్రిభుజం కనిపిస్తేనే జ్వరం తెచ్చుకున్నదాన్ని నేను. ఆ త్రిభుజాలు నాకు నేర్పబోయి ఓడిపోయిన లెక్కల టీచరు కూడా మా పిన్నే.

ఇంజన్ మొదటిసారి అరిచినప్పుడు ఎదురింటి పెద్దాయన చెవి మిషన్ తీసి జేబులో పెట్టుకుని, "ఇక దీంతో పనిలేదమ్మా, అంతా స్పష్టంగా వినపడుతోంది" అన్నాడు. అక్కడ ఆగాం.

ఆ అరుపుకీ ఇవాళ్టికీ మధ్య జరిగిన ఒక్క విషయం మాత్రం మీకింకా చెప్పలేదు. దాచాలని కాదు. అది చెప్పాల్సిన విషయమని నాకే తెలీదు.

మూడు రోజుల కిందట ఇంజన్ ముందువైపు, పుల్లీ వెనక, నూనె చెమ్మ కనిపించింది. సీలు మార్చాలి. దానికి పుల్లీని పట్టి ఉంచే పెద్ద బోల్టు విప్పాలి. ఇక్కడ మా బాబాయ్‌కి ఒక పద్ధతుంది. ఆ బోల్టు మీద పానా పెట్టేముందు కారు లోపలికి దూరి, క్లచ్ పెడల్ వెనక ఒక చెక్కముక్క ఇరికిస్తాడు, పెడల్ వెంట్రుకవాసి కూడా కిందకి దిగకుండా. అరచేతంత ముక్క. చేతులు పడీపడీ నల్లగా నున్నబడిపోయింది. బోల్టు మళ్ళీ బిగించాకే దాన్ని తీస్తాడు, తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఎందుకని అడిగితే, "పెట్టాలి కాబట్టి" అంటాడు. మా బాబాయ్ సంవత్సరానికి సుమారు నలభై మాటలు మాట్లాడతాడు, అందులో ముప్పై పానా నంబర్లు.

ఆ రోజు బోల్టు విప్పి, పుల్లీ ఊడదీసి, కొత్త సీలు తేవడానికి బజారుకెళ్ళాడు. పక్క టైర్ల షాపు వాళ్ళు, పెయింటరు వచ్చి కూర్చున్నారు. జనం దొరికితే నేను ఊరుకునే రకం కాదు కదా. కారెక్కి, బాబాయ్ కొండదారిలో బండి నడిపితే ఎలా ఉంటుందో ఆడి చూపించాను. భుజాలు బిగబట్టి, మూతి ముడిచి, నోటితోనే టర్బో ఊదుతూ, గేర్లు మారుస్తూ. చెక్కముక్క కాలికి అడ్డం తగులుతోందని తీసి పక్కన పెట్టాను. క్లచ్ తొక్కాను. గేరు మార్చాను. మళ్ళీ తొక్కాను. పెయింటరు నవ్వి నవ్వి స్టూలు మీంచి పడ్డాడు. ఆట అయిపోయాక చెక్కముక్క ఎక్కడిదక్కడ పెట్టేశాను. బాబాయ్ వచ్చి, సీలు వేసి, బోల్టు బిగించి, చెక్కముక్క తీసి జేబులో వేసుకున్నాడు.

నా జీవితంలో ఇంతకంటే బాగా నవ్వించిన రోజు లేదు.

ఇక ఇవాళ. ఆదివారం, పొద్దున్న పది. పదకొండింటికి పిన్ని మొదటిసారి ఈ బండి తీసుకుని కొండదారి ఎక్కబోతోంది. మొదటిసారి అంటే ఈ ఇంజన్‌తో మొదటిసారి అనే కాదు. పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి. పెళ్ళికి ముందు ఆ దారిలో పిన్నిని దాటినవాళ్ళు లేరట. పెళ్ళయిన మూడో నెల్లో ఒక మలుపు దగ్గర వెనక చక్రాలు బిగుసుకుపోయి, కారు బొంగరంలా తిరిగి రాతి పిట్టగోడకి కొట్టుకుంది. మెడ ఎముక విరిగింది. అది ఈ కారు కాదు, అప్పటి బండి, కానీ అదీ రోటరీయే. కింది గేరు తప్పు వేళలో వేశాను, తప్పు నాదే అని పిన్ని అప్పుడే తేల్చేసింది. లెక్కల టీచరు కదా, తప్పెక్కడుందో తేలకపోతే నిద్రపట్టదు. అప్పట్నుంచి బడికి బస్సులో వెళ్తుంది. కిందటేడు పాత ఇంజన్ పోయాక తనే అడిగింది, "అప్పటి బండిలో ఉన్న రకమే, రోటరీయే పెట్టండి. ఒకసారి దాంతో ఆ మలుపు తిరిగి వస్తే చాలు నాకు." బాబాయ్ ఈ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా నవ్వలేదు. అది ఆయన స్వభావం అనుకున్నాను.

పదిన్నరకి లేత్ తాత వచ్చాడు. బాబాయ్‌కి పని నేర్పిన గురువు. వయసు ఎంతో ఎవరికీ తెలీదు. లేత్ మిషన్ కనిపెట్టక ముందునుంచీ లేత్ పని చేస్తున్నాడని నా అంచనా. బాబాయ్ బయట పిన్నితో టైర్లలో గాలి చూస్తున్నాడు. తాత బానెట్ కిందకి వంగి, ఒక్కో పైపూ వేలితో తడిమి, పుల్లీ దగ్గర ఆగాడు.

"సీలు మార్చారా?"

"మార్చాం తాతా. మొన్ననే."

"చెక్కముక్క పెట్టాడా?"

"ఆ చెక్కముక్క గోలేంటి తాతా? మాకు తెలీకుండా దానికి పూజలు గానీ చేస్తున్నాడా?"

తాత నవ్వలేదు. బయటికి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంజన్ నడుమ తిరిగే షాఫ్టు ముందు కొసన ఒక బేరింగు ఉంటుందే. సూదుల్లాంటి రోలర్లు గుండ్రంగా పేర్చిన ఉంగరం. బోల్టు ఉన్నంతసేపు దాని చోట అది కూర్చుంటుంది. బోల్టు తీశాక ఎవడైనా క్లచ్ తొక్కాడనుకో, క్లచ్ వెనకనుంచి షాఫ్టుని ముందుకి తోస్తుంది. ఆ ఉంగరం జారి వేలాడుతుంది. బయటికి ఏమీ కనపడదు. మళ్ళీ బోల్టు బిగిస్తే రెండు రేకుల మధ్య నలిగిపోతుంది."

నా చేతిలో గుడ్డపీలిక ఉంది. దాంతో నేను ఒకే చోటు తుడుస్తున్నాను.

"నలిగితే స్టార్టవదా?"

"భేషుగ్గా అవుతుంది. నిలబెట్టి ఎంతసేపు తిప్పినా ఏం కాదు. రోడ్డు మీద లోడు పడి, వేడెక్కాక అప్పుడు మొదలవుతుంది. సూదులు ఒక్కొక్కటీ విరుగుతాయి. తర్వాత షాఫ్టు బిగుస్తుంది. షాఫ్టుతోపాటు వెనక చక్రాలూ."

"ప్రతిసారీ అలాగే అవుతుందా?" నా గొంతు ఎవరో పక్కింటమ్మాయిది అరువు తెచ్చుకున్నట్టుంది.

"అన్నిసార్లూ జారదు. ఒక్కోసారి అదృష్టం కొద్దీ అక్కడే కూర్చుంటుంది. బిగించాక షాఫ్టు ముందుకీ వెనక్కీ కాస్త ఆడుతోందా లేదా గేజి పెట్టి చూస్తే తేలిపోతుంది. మీవాడు చూశాడా?"

చూడలేదు. చెక్కముక్క పెట్టాక చూడాల్సిన పనేముంది? నమ్మకమంతా ఆ ముక్క మీదే కదా.

"అంత ఖచ్చితంగా ఎలా తెలుసు తాతా నీకు?"

తాత కుడి అరచేయి ఒకసారి తెరిచి చూసుకున్నాడు.

"పిట్టగోడకి కొట్టుకున్న మీ పిన్ని బండి ఇంజన్ విప్పింది నేను. సూదులు నా అరచేతిలో పోసుకున్నాను. ఆమె గేరూ తప్పు వేయలేదు, ఏమీ లేదు. ముందు రోజు మీ బాబాయ్ బోల్టు విప్పి ఉంచి, కొత్త పెళ్ళికొడుకు హుషారు కదా, సీట్లో కూర్చుని ఈల వేస్తూ క్లచ్ తొక్కాడు. నేను అరిచేసరికి అప్పటికే రెండుసార్లు అయిపోయింది. బాగానే ఉంది గురువుగారూ, నేను చూసుకున్నాను అన్నాడు." ఆగి, "పదకొండేళ్ళు. ఆమెతో చెప్పరా అని ఎన్నిసార్లు చెప్పానో. నువ్వు మాత్రం నోరు జారకు. అది వాడు చెప్పుకోవాల్సిందే" అన్నాడు.

ఈ కథలో ఇప్పటిదాకా నేను చాలా అతిశయోక్తులు చెప్పాను. ఇది మాత్రం ఉన్నదున్నట్టు చెప్తున్నాను: నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. నేను క్లచ్ ఎన్నిసార్లు తొక్కాను? పెయింటరు స్టూలు మీంచి పడేదాకా తొక్కాను. అతను పడ్డాక మెచ్చుకోలుగా ఇంకో రెండుసార్లు.

చెప్పడం ఎంతసేపు? "బాబాయ్, నేను చెక్కముక్క తీశాను." నాలుగు మాటలు. కానీ చెప్తే పిన్ని అడుగుతుంది. తీస్తే ఏమవుతుంది అని. అడగకుండా వదిలే మనిషి కాదు. అప్పుడు పిన్ని ఎదుట, బాబాయ్ ఎదుట, తాత ఎదుట మొత్తం విప్పాలి. ఒక బోల్టు విప్పితే ఇంకెన్ని ఊడతాయో!

ముందు బాబాయ్‌ని పక్కకి పిలుద్దాం అనుకున్నాను. బయటికొచ్చాను. "బాబాయ్, ఒక్క నిమిషం ఇలా రా" అన్నాను. ఆయన తల ఎత్తాడు. చేయి జేబు మీద ఉంది, చెక్కముక్క ఉన్న జేబు. ఆయన కళ్ళు చూశాను. భయం. పూర్తిగా, ఒట్టి భయం. నాలుగు నెలలుగా అదే భయాన్ని నేను కోపం అనుకున్నాను, అజీర్తి అనుకున్నాను, ఒకసారి దానిమీద పాట కూడా కట్టాను.

"ఏంటే?" అన్నాడు.

నోరు తెరిచాను. అందులోంచి ఏమొచ్చిందో తెలుసా? "గాలి సరిపోయిందా?"

"సరిపోయింది."

తలుపు చప్పుడైంది. పిన్ని లోపల కూర్చుంది. ఇంజన్ అందుకుంది, ముందు మెత్తగా, తర్వాత ఆ రోటరీ గుడగుడ. కారు కదిలింది.

అందరి ముందూ నిజం చెప్పడం కంటే కదులుతున్న కారెక్కడం తేలికనిపించింది. పరిగెత్తాను. పక్క తలుపు లాగి, సగం ఒళ్ళు లోపలా సగం వీధిలోనూ వేలాడుతూ వచ్చి సీట్లో పడ్డాను.

"పిచ్చెక్కిందా నీకు?" పిన్ని అరిచింది.

"నేనూ వస్తా పిన్నీ."

"బెల్టు పెట్టుకో ముందు!" అంది. కానీ పెదవి చివర నవ్వుంది. పిన్నిని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. అది చూశాక నోరు ఇంకా బిగుసుకుంది.

వీధి చివర, పెట్రోలు బంకు దగ్గర, రైలు గేటు దగ్గర మూడుసార్లు చెప్పబోయాను. మూడుసార్లూ పిన్ని క్లచ్ తొక్కి గేరు మార్చింది, మూడుసార్లూ నా ప్రాణం ఆ పెడల్ కింద నలిగి పైకొచ్చింది. గేటు దాటాక రోడ్డు పైకెక్కడం మొదలైంది. పిన్ని కాలు నొక్కింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత టర్బో అందుకుంది. వీపు సీట్లోకి అతుక్కుపోయింది. నా పొట్ట మాత్రం ఇంకా రైలు గేటు దగ్గరే ఉండిపోయింది.

"చూశావా! అబ్బ, చూశావా దాన్ని!" పిన్ని చిన్నపిల్లలా అరిచింది.

"పిన్నీ, ఆపు."

"భయమేస్తోందా? నీకా?"

"పిన్నీ, ఇది తమాషా కాదు. నా మీదొట్టు. ఆపు."

నా ముఖం వంక ఒక్క చూపు చూసింది. నవ్వు పోయింది. ముప్పై మంది పిల్లల్లో అబద్ధం ఎవరిదో వెనక్కి తిరక్కుండా చెప్పే మనిషి. నిజం కూడా అలాగే పసిగడుతుంది.

"చెప్పు."

చెప్పాను. చెక్కముక్క, బోల్టు, ఆట, పెయింటరు, సూదుల ఉంగరం. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. తాత పేరు ఎత్తలేదు. పాత కారు ఊసు ఎత్తలేదు.

పిన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేల మీద పడేసిన చాక్‌పీసు తీస్తున్నంత నెమ్మదిగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది.

"ఎన్నిసార్లు తొక్కావు?"

"చాలాసార్లు."

"చాలా అనేది అంకె కాదు."

"పదిహేను. ఇరవై."

"అడుగుదాకా?"

"అడుగుదాకా."

"సరే. విను. క్లచ్ తొక్కితే బరువంతా ఆ బేరింగు మీదే పడుతుంది, అవునా? ఇక తొక్కను. ఎత్తు రోడ్డే కదా, కాలు తీస్తే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. నెమ్మదించాక గేరు చేత్తో న్యూట్రల్‌లోకి లాగేస్తాను. ఆగిపోతాం. కంగారు పడకు." ఆ గొంతు వింటే ఇది ఇంజన్ కాదు, పదో ఎక్కం అనిపించింది. నాకు ఏడుపొచ్చింది.

ఇంజన్ గుడగుడలో సన్నగా ఇంకో చప్పుడు చేరింది. గచ్చు మీద ఇసుక ఊడ్చినట్టు. ఇద్దరం విన్నాం. ఇద్దరం వినలేదన్నట్టు రోడ్డు చూశాం.

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"లేత్ తాత."

"ఎప్పుడు?"

"ఇందాక."

"ఆయనకెలా తెలుసు, ఇలా అయితే ఏమవుతుందో?"

నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కూడా జవాబేనని లెక్కల టీచర్లకి ఎవరు నేర్పుతారో!

"వెనక చక్రాలు బిగుస్తాయన్నాడు కదూ?" పిన్ని చేతులు స్టీరింగ్ మీద బిగిశాయి. "వేడెక్కాక. లోడు పడ్డాక."

"పిన్నీ, రోడ్డు చూడు."

"చూస్తూనే ఉన్నాను. ఆ రోజు పొద్దున్న... ఆయనా ఇలాగే పరిగెత్తుకొచ్చాడు. కదిలే కారెక్కి పక్కన కూర్చున్నాడు. నేనూ వస్తానన్నాడు, అచ్చం నీలాగే. దారంతా నోరు తెరిచేవాడు, మూసేవాడు. గాలి సరిపోయిందా అని అడిగాడు ఒకసారి."

నేను కిటికీ వైపు తిరిగాను.

"నేను ప్రేమ అనుకున్నాను," అంది పిన్ని.

పదకొండేళ్ళ బస్సు ప్రయాణాలు ఆ కారులో మా ఇద్దరి మధ్యా వచ్చి కూర్చున్నాయి. రెండే సీట్ల బండి. ఊపిరాడలేదు.

"అంటే ఆయనకి ముందే తెలుసు," అంది, నాతో కాదు. "గేరు నేను సరిగ్గానే వేశాను. సరిగ్గానే వేశాను కదూ?"

"సరిగ్గానే వేశావు పిన్నీ. తప్పు నీది కాదు. తాత సూదులు చేతిలో పోసుకున్నాడట."

పిన్ని తల ఊపింది. ఒక కన్నీటి చుక్క గడ్డం దాకా వచ్చి ఆగింది, తుడుచుకోలేదు. అంతసేపూ బండి నెమ్మదిస్తూనే ఉంది, కానీ నేను అనుకున్నంత తొందరగా కాదు. ఇద్దరం మనుషుల లెక్కలో పడి రోడ్డు లెక్క మర్చిపోయాం. ఎత్తు అయిపోయింది. శిఖరం మీదనుంచి దారి కిందకి వంగింది. కింద వంద గజాల్లో ఎడమకి మలుపు, మలుపు పొడవునా రాతి పిట్టగోడ. ఒక చోట రాళ్ళ రంగు మిగతావాటికంటే కొత్తగా ఉంది. మళ్ళీ కట్టిన చోటు.

కారు వేగం అందుకుంది.

"గేరు లాగు పిన్నీ!"

లాగింది. రాలేదు. రెండు చేతులా లాగింది, స్టీరింగ్ నేను పట్టుకున్నాను. పల్లంలో చక్రాలు ఇంజన్‌ని తోస్తున్నాయి, గేరు బిగదీసుకుని కూర్చుంది. ఇసుక ఊడ్చే చప్పుడు ఆగిపోయింది. దాని బదులు టిక్, టిక్ అని, గాజు గిన్నెలో సూది విరిగినట్టు. ఒకటి. ఇంకొకటి.

మలుపు అవతలనుంచి, రోడ్డుకి అడ్డంగా సగం తిరిగి ఆగిపోయిన లారీ తోక కనిపించింది.

పిన్ని కుడికాలు బ్రేకు మీద పడింది. దాంతోపాటు, అడగకుండానే, ఎడమకాలు లేచింది. పదకొండేళ్ళు బస్సెక్కినా ఆ కాలు ఏమీ మర్చిపోలేదు. బ్రేకుతోపాటు క్లచ్. దానికి తెలిసింది అంతే.

నేను స్టీరింగ్ పిన్నికి వదిలేసి రెండు చేతులతో పిన్ని ఎడమ మోకాలు పట్టుకున్నాను.

"వదలవే!" అని అరిచింది. "తొక్కకపోతే గేరు రాదు!"

తొక్కితే షాఫ్టు బిగుస్తుంది, కాలు తీసిన క్షణం చక్రాలూ. తొక్కకపోతే బ్రేకు ఒక్కటీ చాలదు, ఎదురుగా లారీ. ఆ మోకాలు నా చేతుల్ని కిందకి తోస్తోంది.

వదిలేశాను.